క్లీనింగ్ చేయించినంక బాపు ఒక ముక్క తెచ్చి చూపిస్తుండు: ఇది పన్నా, గారనా?

పాకాల_పిట్ట
మా బాపుకు 61 ఏండ్లు. ఆర్టీసీల డ్రైవర్ చేసి రిటైరైండు. అమ్మా బాపు నర్సంపేటల, నేను హన్మకొండల. రెండు మూడు నెలల సంది పొద్దుగాల పండ్లు తోముకుంటే ఉమ్మిల రక్తం పడుతుందట. ఆయన చెప్పలే, బేసిన్ కడిగే అమ్మకు తెల్సి నాకు ఫోన్ చేసింది. బలిమికి తోలుకొచ్చి ఇక్కడ ఒక క్లినిక్‌ల చూపిచ్చిన. డాక్టర్ చూసి "గార బాగ పట్టింది, ముందుగాల క్లీనింగ్ చేద్దాం, మిగిలింది తర్వాత" అన్నడు. ముప్పావు గంట చేసిండ్రు, 900 తీసుకున్నరు.

ఇగ ఇంటికొచ్చిన కాన్నుంచి నాకు తిట్లే తిట్లు. కింది ముందరి పండ్ల నడుమ సందులు కనవడుతున్నయట, ఇంతకుముందు లేకుండెనట. కుండల నీళ్లు తాగినా జివ్వుమంటుందట. పండ్లు కదులుతున్నట్టు అనిపిస్తుందట. ఇయ్యన్నీ ఒకెత్తు. అక్కడ ఉమ్మేసేటప్పుడు చేతిల పడ్డ ఒక ముక్కను రుమాల్ల చుట్టుకొని తెచ్చిండు. జండూబామ్ డబ్బీల పెట్టి, ఇంటికి వచ్చినోళ్లకల్లా మూత తీసి చూపిస్తుండు. "నా పన్ను ఇరగ్గొట్టిండ్రు, పైసలిచ్చి ఇరగ్గొట్టిచ్చింది నా బిడ్డ" అని. చూస్తే నాకూ పన్ను లెక్కనే ఉంది. పసుపుగ, గట్టిగ, బియ్యపు గింజకు జర పెద్దగ.

ఇంకొకటి. బీడీలు ఈ ఉగాదికి మానిపిచ్చినం. తాగినన్ని దినాలు ఒక్క చుక్క రక్తం రాలే, మానినంకనే వస్తుంది అని అదీ నా మీదికే. షుగర్ ఎనిమిదేండ్ల సంది ఉంది.

ఇది పన్నేనా? క్లినిక్‌కు పోయి అడగాల్నా, కొట్లాడాల్నా?

కాజీపేట_జంక్షన్
కొట్లాడాలె. మా మామకు గిట్లనే క్లీనింగ్ చేసిండ్రు, రెండేండ్లల్ల నాలుగు పండ్లు ఊడినయ్. ఆ మిషిన్ పెట్టి పండ్ల మీది పొర గీకుతరు. ఒక్కసారి మొదలువెట్టినమంటే ఆర్నెల్లకోసారి పోవుడే. అదే వాళ్ల దందా.

సకినాలపొడి
రెండేండ్లంటే నడుమ రెండు సంక్రాంతులు వచ్చినయ్ గద. మీ అత్తమ్మ సకినాలను కూడ ఒకసారి అనుమానించుండ్రి అన్నా.

మిర్చియార్డు
900 ఎక్కువనే. మా పరకాలల 500కే చేస్తరు. కూసుంటే పది నిమిషాల్ల అయిపోతది.

గారతీసే_చెయ్యి
నేను డాక్టర్ను కాదు, డెంటల్ హైజీనిస్ట్ను. కరీంనగర్ల ఒక క్లినిక్‌ల పదకొండేండ్ల సంది గార తీసుడే నా పని. పది నిమిషాల్ల అయ్యేది క్లీనింగ్ కాదు మిర్చియార్డు గారూ, పైపైన మెరుపు. కనవడని దిక్కే టైమ్ పడ్తది.

తమ్మీ, ఆ ముక్కను చూడకుండ ఖాయంగ చెప్పలేను. ఎండల పెట్టి చూడు. పన్ను ముక్కయితే ఒక మొఖం నున్నగ మెరుస్తది, ఇరిగిన అంచు గాజుపెంకు లెక్క ఉంటది. గార అయితే మసకగ, గరుకుగ ఉంటది, పన్నుకు అంటుకొని ఉన్న దిక్కు మాత్రం చిన్న గుంట ఉంటది. బాపును అడుగు, ఏ జాగల నుంచి వచ్చింది? కింది ముందరి పండ్ల లోపలి దిక్కు, నాలిక తగిలే జాగ అంటే మాత్రం నేను గార మీదనే పందెం కాస్త. నాలిక కింద ఉమ్మి ఊరే నాళాలు అక్కడ్నే తెరుచుకుంటయ్. ఉమ్మిల ఉండే కాల్షియం, ఫాస్ఫేట్ పాచి మీద పేరుకొని రాయి అయితది. బోరునీళ్లకు బకెట్ అంచుకు తెల్లగ పట్టదా, గదే లెక్క. అందుకే అందరికీ ముందుగాల అక్కడ పడ్తది, తర్వాత పై దవడపండ్లకు బుగ్గ దిక్కు. అక్కడ ఇంకో నాళం ఉంది.

ఇంకా అనుమానం ఉంటే స్టీలు చెంచ వెనుకతోని ఒత్తుండ్రి. గార సుద్దముక్క లెక్క పొడి అయితది. పన్నుముక్క పొడి కాదు.

పాకాల_పిట్ట
తమ్మిని కాదు, అక్కను.

చెంచతోని ఒత్తనిస్తలేడు. సాక్ష్యం పాడైతదట.

సకినాలపొడి
బాపుకు మా ఓటు.

మిర్చియార్డు
నిమ్మరసంల వేసి చూడుండ్రి. గార అయితే కరుగుతది.

గారతీసే_చెయ్యి
సారీ అక్కా.

నిమ్మరసంతోని తేలదు. గారల ఉన్నదీ కాల్షియం ఫాస్ఫేట్ జాతే, పన్నుల ఉన్నదీ గదే. పులుపుకు రెండూ కరుగుతయ్. ఆ మాట వచ్చింది కాబట్టి చెప్తున్న, నిమ్మకాయ, వంటసోడా కలిపి పండ్లకు రాసుకునేటోళ్లు దయచేసి బంద్ చేయుండ్రి. ఫోన్ల వీడియో చూసి నెలరోజులు రాసుకొని వచ్చిన పిల్లల్ని చూస్తున్న. తెల్లగ కాలే, పైపొర పోయి లోపలి పసుపు ఇంకా బయటికి వచ్చింది.

కాజీపేట_జంక్షన్
మరి మిషిన్ మీరు పెట్టేది పైపొర తీయదా? ఇది న్యాయమా?

బీడీఎస్_బెంచి
నేను దంతవైద్యుణ్ని, మహబూబాబాద్ వైపు. దీనికి నేను చెప్తాను.

ఆ మిషిన్ పేరు స్కేలర్. దాని మొన గీకదు, కంపిస్తుంది. సెకనుకు పాతిక వేల సార్లకు పైనే. ఆ కంపనానికి గార పగిలి ఊడొస్తుంది. మొన వేడెక్కకుండా నీళ్లు చిమ్ముతూ ఉంటాయి, నోట్లో నీళ్లు నిండడం అందుకే. పన్ను మీది ఎనామిల్ మన శరీరంలో అన్నింటికంటే గట్టి పదార్థం. సరిగా పట్టుకుంటే దానికేం కాదు. మొనను నిలువుగా పొడిచినట్టు పెట్టి ఒకేచోట ఒత్తితే గీత పడొచ్చు, అది చేసే చేతి తప్పు. అందుకే ఎవరు చేస్తున్నారన్నది ముఖ్యం.

మీ మామయ్యగారి పళ్లు ఊడింది క్లీనింగ్ వల్ల అని నేను నమ్మను. ఎముక ముందే కరిగిపోయి ఉంటుంది. అంత దూరం వచ్చాకే చాలామంది మా దగ్గరికి వస్తారు, అప్పుడు చేసిన క్లీనింగ్ మీద నేరం పడుతుంది. చావుకు ముందు ఆఖరుసారి చూసిన డాక్టరే చంపాడన్నట్టు.

కాజీపేట_జంక్షన్
సరే, ఒక మాట అడుగుత. పండ్లు కదులుతున్నయ్ అన్నది పిట్ట. అంటే ఆ గారనే పండ్లను పట్టుకొని ఉంది. పట్టుకున్నదాన్ని తీసుడెందుకు? ఉంచితే ఇంకో పదేండ్లు ఉండేటియి గద.

గారతీసే_చెయ్యి
ఈ ప్రశ్న నన్ను వారానికి ఒక్కరన్న అడుగుతరు, తప్పు ప్రశ్న కాదు. చెదపట్టిన దర్వాజను రంగు పట్టుకొని ఉంటది. రంగు గీకినంక దర్వాజ ఊగితే తప్పు గీకినోడిదా, చెదదా?

గార ఒక్కతీరుగ ఉండదు. పైన కనవడేది పసుపుది. చిగురు లోపలికి దిగిన గార నల్లగ, పన్ను వేరుకు అతుక్కొని ఉంటది. దాని మీద పాచి ఎప్పటికీ పచ్చిగనే ఉంటది, మీ బ్రష్ అక్కడిదాక పోదు. ఆ పాచిల క్రిములతోని ఒళ్లు కొట్లాడుతుంటది, ఆ కొట్లాటల చిగురు కింది ఎముక కొంచెం కొంచెం కరుగుతది. ఎముక కరిగితే పన్ను కదులుతది. కదిలే పన్నును పక్క పన్నుతోని కలిపి గార సిమెంట్ పోసినట్టు పట్టుకుంటది. పట్టుకున్నట్టే ఉంటది, కింద తింటనే ఉంటది.

సందులు కూడ గట్లనే. సందు ముందే ఉంది, గార పూడ్చి పెట్టింది. ఉబ్బిన చిగురు వాపు దిగితే ఇంకా ఎక్కువ కనవడ్తది. జివ్వుమనుడేమో, గార కింద దాక్కున్న వేరు ఒక్కసారి బయటపడితే చల్లదనం తగులుతది. కొన్ని రోజుల్ల తగ్గుతది. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్ట్ దొరుకుతది, రెండు వారాలు వాడితే నిమ్మళం. ఒక్కపూట రుద్ది పని చేస్తలేదని పారేయొద్దు.

బీడీఎస్_బెంచి
దర్వాజ పోలిక బాగుంది, వాడుకుంటాను.

పిట్ట గారూ, బీడీ సంగతి. మీ నాన్నగారు గమనించింది నిజమే, కారణం మాత్రం తారుమారు. పొగతాగేవాళ్ల చిగుళ్లలో రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి. లోపల జబ్బు ముదురుతున్నా రక్తం రాదు, చిగురు పాలిపోయి గట్టిగా, బాగున్నట్టే కనిపిస్తుంది. మానేశాక రక్తప్రసరణ మామూలైతే అప్పుడు బయటపడుతుంది. బీడీ జబ్బును ఆపలేదు, దాచింది. మళ్లీ తాగుతానంటే ఈ మాట చెప్పండి.

షుగర్ విషయం ఇంకా ముఖ్యం. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు జోరందుకుంటుంది, చిగుళ్లలో చీము ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. రెండువైపులా పదునే. ఈమధ్య హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, చేయించారా?

క్లినిక్‌వాళ్లను తప్పుపట్టాల్సింది ఒక్కటుంది. సందులు కనపడతాయి, కొన్నాళ్లు జివ్వుమంటుంది అని కుర్చీలో కూర్చోబెట్టక ముందే చెప్పాలి. రెండు నిమిషాల పని. మా వృత్తిలో సగం తగాదాలు చెప్పకపోవడం వల్లే.

వేపపుల్ల
ఏ మిషిన్లూ లేకుండ మా తాత 84 ఏండ్లకు చెరుకుగడ కొరికిండు. వేపపుల్ల, ఉప్పు, బొగ్గు. పేస్ట్ కంపెనీలు వచ్చినంకనే ఈ రోగాలన్ని వచ్చినయ్. పల్లెటూర్ల ఎవ్వలకన్న పండ్ల డాక్టర్ ఉండెనా?

సకినాలపొడి
మా తాతకు కూడ వేపపుల్లే. యాభైకే బోసినోరు. మక్కకంకి గింజలు ఒలిచి, రోట్ల దంచి పెడ్తె తినేటోడు. ఊడినోళ్ల తాతల కథ ఎవ్వలు చెప్పరు.

గారతీసే_చెయ్యి
వేపపుల్లకు నేను వ్యతిరేకం కాదు. కొసను బాగ నమిలి కుంచె లెక్క చేసుకొని మెల్లగ తోముకుంటే పాచి పోతది. కని పండ్ల నడుమకు పోదు. గట్టిపుల్లతోని అడ్డంగ రాకినోళ్లకు చిగురు పైకి జరిగి, పన్ను మెడ కాడ గాడి పడ్తది, గోరు పెడ్తే తట్టుకుంటది. బొగ్గు, ఇటుకపొడి అయితే గిన్నెలకు పీచు పెట్టి రుద్దినట్టే. తెల్లగ అయితయ్, అరిగి.

సింగరేణి_థర్డ్‌షిఫ్ట్
భూపాలపల్లి. నా కథ వేరే గని క్లీనింగ్ తోనే మొదలైంది, అందుకే రాస్తున్న. బొగ్గుబాయిల దిగేటప్పుడు బీడీ, అగ్గిపెట్టె లోపలికి తీసుకపోనియ్యరు. జేబులు తడిమి పంపుతరు, గ్యాస్ ఉంటది కాబట్టి. అందుకే బాయిల పనోళ్లకు తంబాకు అలవాటు. నేను పద్దెనిమిదేండ్లు కింది పెదవి లోపల పెట్టిన, ఎప్పుడూ ఒక్కటే జాగ, ఎడమ దిక్కు.

మా ఆమె పోరు పడలేక మొన్న క్లీనింగ్‌కు పోయిన. ఆ డాక్టరమ్మ పండ్లు చూడలే ముందుగాల, పెదవి తిప్పి చూసింది. చిన్న అద్దం నా చేతికి ఇచ్చి చూడన్నది. ఆ జాగల తోలు తెల్లగ, నీళ్లల్ల నానిన కాయితం లెక్క ముడతలు పడి ఉంది. అక్కడి చిగురు కిందికి జారి పన్ను వేరు పసుపుగ కనవడుతుంది. నొప్పి లేదు. ఒక్కనాడు నొప్పి లేకుండె. పద్దెనిమిదేండ్లల్ల నేను నా పెదవి లోపల చూసుకోలే.

ఇది కేన్సర్ కాదు, కని తంబాకు ఆపకపోతే అటు తిరగొచ్చు, ఆపితే చాన మందికి ఈ తెల్లది పోతది అన్నది. మళ్ల రమ్మన్నది, అప్పటికీ తెల్లది పోకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాల్సి వస్తదన్నది. పండ్లు తోమిచ్చుకుందామని పోయి తంబాకు మాని వచ్చిన. ఇయ్యాళ్టికి 40 రోజులు. వక్క కూడ లేదు. నోరు ఊకె ఏదో అడుగుతుంది, సోంపు బుక్కుతున్న.

పాకాల_పిట్ట
అన్నా, 40 రోజులు అంటే మాటలు కాదు. మా బాపుకు చదివి వినిపిచ్చిన. ఏమనలే, నాలికతోని పెదవి లోపల తడుముకుంటుండు.

టెక్సాస్_తొక్కుడుబిళ్ల
ఊరు హన్మకొండ, ఉండేది డల్లస్ దగ్గర. ఇక్కడ క్లీనింగ్ అంతా హైజీనిస్టే చేస్తుంది. దాదాపు గంట. ముందు ఒక సన్నటి కడ్డీ పెట్టి "మూడు, రెండు, మూడు, నాలుగు" అని అంకెలు చదువుతుంది, పక్కన ఇంకొకరు రాస్తారు. డాక్టర్ చివర్లో వచ్చి ఐదు నిమిషాలు చూసి పోతాడు. మొదటిసారి నాకు అంకెలు వింటుంటే తంబోలా ఆడుతున్నట్టే ఉండె. ఐదు అనగానే ఆమె గొంతు మారింది, నాకు చెమట పట్టింది.

మన దగ్గర ఈ అంకెలు ఎవరూ చదవరు ఎందుకు? మా అమ్మకు పోయినసారి వచ్చినప్పుడు చేయించిన, చేసింది ఎవరో కూడ తెల్వదు. తెల్లకోటు వేసుకున్న పిల్లగాడు, ముందు రోజు చీటీలు రాసిచ్చింది కూడ ఆ పిల్లగాడే.

మిర్చియార్డు
అమెరికా నుంచి వచ్చినోళ్లంత పండ్ల పని మొత్తం హన్మకొండల చేయించుకొనే పోతరు గద. అక్కడి రేటు చెప్పరాదు.

టెక్సాస్_తొక్కుడుబిళ్ల
రేటు చెప్తే నువ్వు యార్డుల మిర్చి బస్తాలు లెక్కవెడ్తవ్. ఇన్సూరెన్స్ ఏడాదికి రెండుసార్లు ఇస్తుంది, లేకపోతే నేనూ విమానం ఎక్కేటోణ్నే.

గారతీసే_చెయ్యి
తొక్కుడుబిళ్ల గారు మంచి మాట ఎత్తిండ్రు. నాకు చానా రోజుల కడుపుమంట ఇది.

హైజీనిస్ట్ అంటే మన దగ్గర తెల్వదు. నన్ను నర్సమ్మ అంటరు, కాంపౌండర్ అంటరు. కని మన దేశంల 1948ల వచ్చిన డెంటిస్టుల చట్టంలనే హైజీనిస్ట్ అనే మాట వచ్చింది. పండ్లకు గార తీసుడు, శుభ్రం చేసుడు, పాలిష్ పెట్టుడు, నోటి శుభ్రత నేర్పుడు, ఇదే పని అని అందుల రాసిండ్రు. రెండేండ్ల డిప్లొమా, దాని తర్వాత రిజిస్ట్రేషన్. రిజిస్ట్రేషన్ లేనోడు చేస్తే అది తప్పు. అడగుండ్రి, సిగ్గుపడొద్దు. మీ నోరు గద.

ఈ పని పుట్టిన కథ నాకు మస్తు ఇష్టం. అమెరికాల బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊర్ల ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అని డెంటిస్ట్. 1906ల తన దగ్గర అసిస్టెంట్‌గ ఉన్న ఐరీన్ న్యూమన్‌కు గార తీసుడు నేర్పిండు. తర్వాత 1913ల బడి పెట్టిండు. అందులో చదివినోళ్లను ఊర్ల సర్కారు బడులకు పంపి పిల్లల పండ్లు చూపిచ్చిండు. 1917ల ఆ ఐరీన్‌కు మొదటి లైసెన్స్ ఇచ్చిండ్రు. కుర్చీల కూసోబెట్టి రిపేర్ చేసేటోళ్లు చానా మంది ఉండిరి, రిపేర్ రాకుండ చూసేటోళ్లు లేకుండిరి. అందుకు పుట్టింది మా పని.

బీడీఎస్_బెంచి
చెల్లెమ్మ చెప్పింది నిజం, ఒక్క చోట ఆగుతాను. గార తీయడం వేరు, జబ్బు ఎంత దూరం పోయిందో తేల్చడం వేరు. ఎక్స్‌రే చూసి ఎముక ఎంత పోయిందో చెప్పాల్సింది డాక్టరే. మన దగ్గర హైజీనిస్టులు చాలా తక్కువ కాబట్టి ఎక్కువ క్లినిక్‌లలో క్లీనింగ్ కూడా మేమే చేస్తాం. పిల్లగాడితో చేయించేవాళ్లూ ఉన్నారు, అది తప్పే.

ఆ అంకెల సంగతి. ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల చిగురు లోతు కొలుస్తారు. మూడు మిల్లీమీటర్ల దాకా మామూలు. నాలుగు, ఆపైన ఉంటే పన్నుకూ చిగురుకూ మధ్య జేబు పడినట్టు. ఐదు, ఆరు ఉంటే మామూలు క్లీనింగ్ సరిపోదు, మత్తు సూదిచ్చి చిగురు లోపల వేరు దాకా శుభ్రం చేయాలి, నోటిని నాలుగు భాగాలనుకుంటే ఒకసారికి ఒకటో రెండో. చిగురు వాపు వరకే ఉన్నది పూర్తిగా తగ్గుతుంది. కరిగిన ఎముక మాత్రం మామూలుగా తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే.

గారతీసే_చెయ్యి
డాక్టరే తేల్చాలె, ఒప్పుకున్న సార్. కని అంకెలు రాసే క్లినిక్‌లు వరంగల్ల, కరీంనగర్ల ఎన్ని ఉన్నయో మీకూ తెల్సు, నాకూ తెల్సు.

బీడీఎస్_బెంచి
దానికి నా దగ్గర జవాబు లేదు.

హంటర్‌రోడ్_చాయ్
మా అన్నకు పోయినేడు స్టంట్ వేసిండ్రు. రక్తం పల్చబడే గోలీలు రెండు రకాలు వాడుతుండు. పండ్లు క్లీన్ చేయించాలంటే నాలుగు రోజులు గోలీలు ఆపి పో అని పక్కింటాయన చెప్పిండు. ఆపాల్నా?

బీడీఎస్_బెంచి
ఆపొద్దు. పక్కింటాయన మాట మీద అస్సలు ఆపొద్దు. క్లీనింగ్‌లో వచ్చే రక్తాన్ని అక్కడే ఒత్తిపట్టి ఆపుకోవచ్చు, స్టంట్‌లో గడ్డ కడితే ఆపలేం. వాడే మందుల చీటీ మొత్తం తీసుకెళ్లి పళ్ల డాక్టర్‌కి చూపించండి, గుండె డాక్టర్‌తో ఒకమాట మాట్లాడమనండి. కృత్రిమ వాల్వు వేయించుకున్నవాళ్లయితే అది తప్పకుండా ముందే చెప్పాలి, వాళ్లకు క్లీనింగ్‌కు ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్లలో కొందరికి చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరుగుతాయి, అదీ చెప్పాలి.

బతుకమ్మ_పూలు
నాకు ఐదో నెల. చిగుర్లు ఎర్రగ ఉబ్బి, ఇడ్లీ తిన్నా రక్తం వస్తుంది. మా అత్తమ్మ కాన్పు అయ్యేదాక పండ్ల డాక్టర్ దగ్గరికి పోవద్దంటుంది, పండ్లు తోముడు కూడ మెల్లగ బంద్ చేస్తున్న రక్తం చూసి.

గారతీసే_చెయ్యి
తోముడు మాత్రం బంద్ చేయకు చెల్లె. హార్మోన్ల తోని చిగురు చిన్న పాచికి కూడ పెద్దగ ఉబ్బుతది, తోమకపోతే ఇంకా ఎక్కువైతది. నాలుగు నుంచి ఆరు నెలల నడుమ క్లీనింగ్‌కు మంచి టైమ్, నువ్వు అందులోనే ఉన్నవ్. గర్భిణిని అని చెప్పి పో. మెత్తటి బ్రష్ కొనుక్కో. అత్తమ్మకు డాక్టర్ తోనే చెప్పియ్యి, నీతోని కాదు.

పాకాల_పిట్ట
ముక్క సంగతి. చెంచ పెట్టనియ్యలే గని ఫోన్ల పెద్దగ చేసి ఫొటో తీసిన, అందుకు ఒప్పుకున్నడు. ఒక దిక్కు గరుకు. ఇంకో దిక్కు గుంట ఉంది అక్కా, మీరు చెప్పినట్టే. కని ఒక్కటి కాదు, పక్కపక్కన రెండు గుంటలు, నడుమ సన్న గట్టు. మెరుపు ఎక్కడా లేదు.

గారతీసే_చెయ్యి
ఇగ అయిపోయింది. రెండు గుంటలంటే రెండు పండ్లను కలిపి పట్టుకొని ఉన్న ముక్క. ఆ గట్టు వాటి నడుమ సందు అచ్చు. రెండు పండ్లకు అచ్చు ఉన్న ముక్క ఒక పన్ను నుంచి ఎట్ల ఇరుగుతది? బాపును అడుగు.

కాజీపేట_జంక్షన్
ఇది మాత్రం ఒప్పుకున్న. మిషిన్ సంగతి ఇంకా ఒప్పుకోలే.

సకినాలపొడి
జంక్షన్ అన్న దగ్గర ఒక్క బండి సిగ్నల్ దాటింది.

మిర్చియార్డు
మరి ఇంట్ల ఏం చేస్తే గార మళ్ల పట్టదు? సూటిగ చెప్పుండ్రి. ఆ నీలిరంగు మౌత్‌వాష్ చాలదా?

గారతీసే_చెయ్యి
చాలదు. పాచి జిగురు, పుక్కిలిస్తే పోదు, రుద్దాలె. క్లోర్‌హెక్సిడిన్ అనే మందు మౌత్‌వాష్ డాక్టర్లు రాస్తరు, అది రెండు వారాలకే. నెలల తరబడి పుక్కిలిస్తే పండ్లు గోధుమరంగు పడ్తయ్, కూర రుచి తెల్వదు. నీలిరంగువి అయితే వాసనకు.

నా దగ్గరికి వచ్చినోళ్లకు ముందుగాల ఒక రంగు పూస్త. పాచి ఉన్న జాగల గులాబిరంగు పడ్తది. "ఇప్పుడే తోముకొని వచ్చిన మేడం" అన్నోళ్ల నోరు హోలీ తెల్లారి లెక్క ఉంటది. అద్దం చేతికిచ్చి వాళ్లతోనే బ్రష్ పట్టిస్త. అందరూ పండ్ల నడిమి భాగం రుద్దుతరు, అక్కడ రంగే లేదు. రంగంత చిగురు అంచు మీద గీత లెక్క ఉంటది. బ్రష్‌ను ఏటవాలుగ, సగం చిగురు మీద సగం పన్ను మీద ఆనేటట్టు పెట్టి, అక్కడ్నే చిన్నగ వణికియ్యాలె. కింది ముందరి పండ్ల లోపలికి బ్రష్‌ను నిలువుగ పట్టాలె. రెండు నిమిషాలు. రాత్రిపూట తోముడే ముఖ్యం, మనోళ్లు చేయంది కూడ గదే.

బాపు లెక్క సందులు పడ్డోళ్లకు సందుల బ్రష్ అని సన్నటివి మెడికల్ షాపుల దొరుకుతయ్. దారం కన్న వాళ్లకు అదే మేలు. సైజు క్లినిక్‌ల చూపిచ్చుకొని కొనాలె. పిన్నీసు, చీపురుపుల్ల, అగ్గిపుల్ల వద్దు. నిన్న ఒకాయన షర్టు జేబుల నుంచి సూది తీసి చూపిచ్చిండు, ఇరవై ఏండ్ల సంది అదే అట.

ఇక ఆర్నెల్లు అనేది అందరికీ ఒక్కతీరు కాదు. కొందరికి ఏడాదికోసారి చాలు. జేబులు పడి, షుగర్ ఉన్నోళ్లకు మూడు నెలలకోసారి.

హంటర్‌రోడ్_చాయ్
పైసల్ లేనోళ్ల సంగతి? మూడు నెలలకోసారి అంటే కూలోడు ఎక్కడ తెస్తడు.

బీడీఎస్_బెంచి
వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలో డెంటల్ ఓపీ ఉంది, చీటీ రాయించుకుని చూపించుకోవచ్చు. హైదరాబాద్ పోగలిగితే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ. రోజంతా పడుతుంది, ఓపిక కావాలి. అక్కడ పీజీ పిల్లలు ఆ అంకెలన్నీ రాస్తారు, తొక్కుడుబిళ్ల గారి తంబోలా మొత్తం.

పాకాల_పిట్ట
పది రోజులైంది, సంగతి చెప్తున్న. మళ్ల అదే క్లినిక్‌కు పోయినం, కొట్లాడనీకె కాదు. నేనే అడిగిన, లోతు కొలవుండ్రి అని. డాక్టర్ నా దిక్కు వింతగ చూసిండు గని కొలిచిండు, నేను పక్కన నిలవడి కాయితం మీద రాసిన. ఎక్కువ జాగల మూడు, నాలుగు. కింది ముందరి పండ్లకు ఐదు. కుడి దిక్కు ఆఖరి దవడపన్నుకు రెండు జాగల ఆరు. ఎక్స్‌రే తీసిండ్రు, అక్కడ ఎముక కిందికి దిగింది నాకే కనవడ్డది. వచ్చే సోమవారం కుడి దిక్కు సూదిచ్చి లోపల క్లీనింగ్. తర్వాత ఎడమ దిక్కు. రెండు నెలలకు మళ్ల కొలుస్తరట. షుగర్ పరీక్ష కూడ చేయిస్తే హెచ్‌బీఏ1సీ 8.9 వచ్చింది, దాని డాక్టర్ దగ్గరికి వేరే పోవాలె.

బాపు డబ్బీ వెంట తెచ్చిండు. డాక్టర్‌కు ఇచ్చి "ఇదేందో చెప్పు" అన్నడు, గొంతు కోర్టుల జడ్జి లెక్క. డాక్టర్ దాన్ని పట్టుకొని, బాపు చేతికి అద్దం ఇచ్చి, కింది పండ్ల లోపలి దిక్కు పెట్టి చూపిచ్చిండు. రెండు గుంటలు రెండు పండ్లకు తాళంచెవి లెక్క కూసున్నయ్. బాపు చానసేపు అద్దంల చూసిండు. తిరిగి వచ్చేటప్పుడు బస్సుల ఒక్కటే మాట అన్నడు, "ఇంత రాయి నోట్ల పెట్టుకొని ముప్పై ఏండ్లు బస్సు నడిపిన్నా."

రక్తం తగ్గింది, పూర్తిగ పోలే. జివ్వుమనుడు లేదు.

గారతీసే_చెయ్యి
లోతు కొలవమని అడిగినవ్ చూడు, గదీ. సోమవారం సూదికి ముందు అన్నం, షుగర్ గోలీ మానొద్దు, తిని పోవాలె. ఆ ముక్క ఫొటో ఇక్కడ పెడ్తె మా దగ్గరికి వచ్చేటోళ్లకు చూపిస్త.

కాజీపేట_జంక్షన్
మా మామకు ఉన్న పండ్లకన్న లోతు కొలిపిద్దామనుకుంటున్న. నన్నెవ్వలూ ఏమనొద్దు.

పాకాల_పిట్ట
ఫొటో పెడ్త అక్కా, ముక్క మాత్రం లేదు. దసరా అని అమ్మ ఇల్లు దులిపింది, జండూబామ్ అయిపోయిందనుకొని డబ్బీ చెత్తబండిల వేసింది. నిన్న రాత్రి సంది ఇంట్ల ఇద్దరికి మాటల్లేవు.